తొలగిపొమ్మన్నది ఎవరిని?



అధ్యాస అనే పదం లేని వేదాంతపాఠం ఉండదు. ఒక వస్తువునందు అది కాని మరొకదాని బుద్ధి కలగడం అధ్యాస. మసకచీకటిలో త్రాడు సర్పమై తోస్తుంది; భయం, కంపం, పలాయనం నిజంగానే కలుగుతాయి; సర్పం మాత్రం ఏనాడూ లేదు. ఈ దృష్టాంతాన్ని నేను దాదాపు నలభై సంవత్సరాలు చెప్పాను. మొదట కళాశాలలో సంస్కృతాధ్యాపకునిగా, పదవీవిరమణానంతరం అశోక్‌నగర్‌లోని మా ఇంటి వసారాలో గురువారపు సత్సంగంలో. చెప్పిన పాఠం నాకు తెలుసునని భావించాను. ఈ గ్రీష్మంలో పదిహేడేండ్ల బాలిక ఒకతె ఆ పాఠాన్ని నాకే అప్పజెప్పింది. ఆ వృత్తాంతాన్ని ఆత్మపరీక్షగా మీ ముందుంచుతున్నాను.

ఆ బాలిక నా మనుమరాలు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో పుట్టి పెరిగింది. వేసవి సెలవులకు ఆరు వారాలు మా ఇంటికి వచ్చినప్పుడు ఒక ఇంటర్న్‌షిప్ కూడా వెంట తెచ్చుకుంది. అక్కడి స్వచ్ఛంద బృందమొకటి ఉన్నత పాఠశాల విద్యార్థుల చేత చేయించే కార్యమది. ప్రతి విద్యార్థీ ఒక ద్వేషనేరాన్ని ఎన్నుకొని శ్రద్ధగా అధ్యయనం చేయాలి. దానిపై చిత్రమో, గీతమో, నాటికో సృజించాలి. సెలవుల అనంతరం తన పేటలోని వారికి దానిని చూపి, వారితో కూర్చుని సంభాషించాలి. వారానికొకసారి ఆ పిల్లలందరూ కంప్యూటర్ తెరపై కలుసుకునేవారు. అక్కడ సాయంకాలం ఏడు గంటలు, ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నర. నేను సంధ్యావందనానికి కూర్చునే వేళకు ఆమె ముందుగదిలో తన సహాధ్యాయులతో మాట్లాడుతూ ఉండేది.

మొదటి రోజుననే అడిగింది. "తాతయ్యా, హేట్ క్రైమ్‌ను తెలుగులో ఏమంటారు?"

"ద్వేషనేరం అనవచ్చు తల్లీ."

"ద్వేషించడమే నేరమా?"

మంచి ప్రశ్న. మనస్సులోని ద్వేషాన్ని ఏ న్యాయస్థానమూ శిక్షించదు. అయితే నేరం చేసేవాడు తన బాధితుని జాతిని బట్టి, మతాన్ని బట్టి, పుట్టుకను బట్టి ఎన్నుకొన్నప్పుడు దెబ్బ ఒక్కనికి తగిలినా భయం ఆ సమూహమంతటికీ వ్యాపిస్తుంది. అందుకే దానిని ప్రత్యేకంగా పరిగణిస్తారు. 1998లో వేర్వేరు చోట్ల ద్వేషానికి బలియైన ఇద్దరు వ్యక్తుల పేర్లతో అమెరికాలో 2009లో ఒక చట్టం వచ్చిందని ఆమెయే నాకు చెప్పింది. మనశాస్త్రం మాత్రం న్యాయస్థానం ఆగిన చోటనే మొదలవుతుందని నేనన్నాను. గీత పన్నెండవ అధ్యాయంలో భగవంతుడు తనకు ప్రియుడైన భక్తుని లక్షణాలను గణిస్తూ అన్నిటికంటె ముందు చెప్పినది ఏ ప్రాణియందూ ద్వేషం లేకపోవడమే. జపమూ, ధ్యానమూ, త్యాగమూ అటుపిమ్మటివే.

ఆమె ఎన్నుకొన్న ఉదంతం మన నగరానికి సంబంధించినదే. కూచిభొట్ల శ్రీనివాస్ మన హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, టెక్సాస్‌లో ఉన్నతవిద్య పూర్తిచేసి, కాన్సస్‌లోని ఒలేథా పట్టణంలో గార్మిన్ సంస్థలో పనిచేస్తూ ఉండేవాడు. 2017 ఫిబ్రవరి 22 సాయంకాలం, పని ముగిసిన పిమ్మట, మిత్రుడు అలోక్ మాడసానితో కలిసి ఒక రెస్టారెంట్‌లో కూర్చున్నాడు. అపరిచితుడొకడు సమీపించి వారిని దూషించాడు. అక్కడివారు అతనిని బయటికి పంపివేశారు. అతడు తుపాకితో తిరిగి వచ్చి, తన దేశం నుండి వెళ్ళిపొమ్మని అరుస్తూ కాల్పులు జరిపాడు. శ్రీనివాస్ మరణించాడు. వయస్సు ముప్పది రెండు. అలోక్ గాయపడ్డాడు. ఇయాన్ గ్రిలాట్ అనే యువకుడు, ఆ ఇద్దరితో ఏ బంధుత్వమూ లేనివాడు, పేలిన తూటాలను లెక్కించుకొని ఇక అయిపోయినవని తలచి, పారిపోతున్న హంతకుని వెంబడించాడు. లెక్క తప్పింది. తూటా అతని చేతిని, వక్షస్థలాన్ని చీల్చుకుంటూ పోయింది. దైవవశాత్తు బ్రతికాడు.

ఫిబ్రవరి 28న శ్రీనివాస్ అంత్యక్రియలు జూబ్లీహిల్స్‌లోని మహాప్రస్థానంలో జరిగాయి. ఆ ఉదయం చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి ఆలయంలో దర్శనానికి నిలబడిన వరుసలో అందరి నోటా అదే మాట. ఏ ఇంటి నుండి చూసినా ఒకరో ఇద్దరో అమెరికాలో ఉన్నవారే. నేనూ ఆ రాత్రి కుమారునికి ఫోన్ చేసి, "సాయంకాలం వేళ బయట తిరగకండిరా" అని చెప్పినవాడినే.

హంతకునికి రాష్ట్ర న్యాయస్థానం 2018 మే నెలలో యావజ్జీవ శిక్ష విధించింది. ఏబది సంవత్సరాలు గడిచేవరకు విడుదల ప్రసక్తి లేదు. అదే ఏడాది ఆగస్టులో ఫెడరల్ న్యాయస్థానం ద్వేషనేరాభియోగంపై ఒకదాని వెంట ఒకటిగా మూడు యావజ్జీవ శిక్షలు విధించింది. శ్రీనివాస్ సహధర్మచారిణి దుమాల సునయన తాము ఆ దేశానికి చెందినవారమేనా అన్న ప్రశ్నను అందరి ఎదుట ఉంచింది. ఆ పిమ్మట వలసవచ్చినవారి జీవితకథలను ఇరుగుపొరుగు వారికి వినిపించడం కోసం ఫరెవర్ వెల్కమ్ అనే ప్రయత్నాన్ని ఆరంభించింది. శోకం ద్వేషంగా మారకుండా నిలుపుకోవడం ఎంతటి తపస్సో సాధకులకు వేరే చెప్పనక్కరలేదు.

మనుమరాలు చెప్పిన ఒక వివరం నా వేదాంతబుద్ధిని ఆకర్షించింది. కాల్పుల అనంతరం పొరుగు రాష్ట్రానికి పారిపోయిన హంతకుడు, తాను ఇరానీయులను కాల్చానని అక్కడ ఒకరితో చెప్పుకొన్నాడు. ఆ మాట వినగానే నాలోని అధ్యాపకుడు మేల్కొన్నాడు. "చూశావా తల్లీ, ఇదే అధ్యాస! అక్కడున్నది భారతీయుడు; వాడు చూసినది ఇరానీయుని. త్రాటిని చూసి పామనుకొన్నాడు" అన్నాను. 2001 సెప్టెంబరు 15న అరిజోనాలోని మేసా నగరంలో తన పెట్రోలు బంకు వద్ద పనిలో ఉన్న బల్బీర్ సింగ్ సోధీ అనే సిక్కు గృహస్థుని, ఆ తలపాగాను శత్రుచిహ్నమనుకొని కాల్చివేసిన ఉదంతాన్నీ జోడించాను. దృష్టాంతం కుదిరిందన్న సంతృప్తి కలిగింది.

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "అయితే తాతయ్యా, వాళ్ళు నిజంగా ఇరానీలే అయ్యుంటే? అప్పుడు కరెక్టేనా?"

నా వద్ద సమాధానం లేదు. కాదు, ఉంది, అది నేను ఎన్నడూ పైకి అనని సమాధానం. భారతీయుని ఇరానీయుడనుకోవడం గుర్తింపులోని పొరపాటు మాత్రమే. అసలైన అధ్యాస దానికంటె లోతున ఉంది. ఎదుట నిలిచిన మానవునిపై ‘శత్రువు’ అన్న నామాన్ని మోపి, ఆపై మానవుని చూడకుండా ఆ నామాన్నే చూడడమది. నా వ్యాఖ్యానంలో త్రాడు భారతీయుడు, పాము ఇరానీయుడు. అంటే ఇరానీయుడు పామే అన్నమాట! ద్వేషాన్ని వివరించడానికి కూర్చున్న నేను, వివరణలోనే ఆ ద్వేషం మోపిన ఆకృతిని అంగీకరించాను. పదిహేడేండ్ల పిల్ల అడిగేదాకా అది నాకు కనబడలేదు.

ఇక చిత్రం సంగతి. నారాయణగూడలో ఒక దుకాణం నుండి రంగులు, దళసరి కాగితాలు తెచ్చుకొని మొదటి వారంలో ఒక చిత్రం గీసింది. చీకటి, ఎర్రటి మరకలు, తుపాకి పట్టిన చేయి, ఉగ్రమైన ముఖం. నేను మెచ్చుకొన్నాను. ఆ పిల్లలకు మార్గదర్శకురాలిగా ఉన్న మహిళ మాత్రం ఒక్క ప్రశ్న అడిగిందట. ‘దీన్ని చూసినవారు ఎవరిని గురించి ఆలోచిస్తారు?’ మనుమరాలు ఆ రోజంతా మౌనంగా ఉండి, సాయంకాలం నా దగ్గరికి వచ్చింది.

అప్పుడు నాకు తెలిసిన రసశాస్త్రం కొంత అక్కరకు వచ్చింది. క్రోధం స్థాయిభావమైతే రౌద్రం నిష్పన్నమవుతుంది. శోకం స్థాయియైతే కరుణ. హంతకుని ఉగ్రముఖాన్ని చూపే చిత్రం ప్రేక్షకునిలో క్రోధాన్ని లేపుతుంది. అతడు హంతకుని ద్వేషించి, తాను అటువంటివాడు కానని నిశ్చింతగా ఇంటికి పోతాడు. ద్వేషం స్థానం మారిందే గాని తగ్గలేదు. మన ఆలంకారికులు సాధారణీకరణం అన్నారు. కళను ఆస్వాదించే క్షణంలో ‘ఇది నాది, ఇది పరునిది’ అన్న హద్దు సడలి, ఎవరి శోకమో నా శోకమవుతుంది. క్రౌంచమిథునంలో ఒకటి నేలకూలడం చూసి వాల్మీకి హృదయంలో పుట్టిన శోకమే శ్లోకమైనదని మన సంప్రదాయం. ఆదికావ్యం పుట్టినది ఒక వధను కంటితో చూసినందువల్ల! ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె కళ్ళు మెరిశాయి. ఆ వారపు సమావేశంలో తన మిత్రులకు ఆ కథను చెప్పిందని తరువాత విన్నాను.

మొదటి చిత్రాన్ని ప్రక్కన పెట్టింది. రెండవదాని కోసం వెతుకుతూ ఒక రాత్రి అడిగింది. "ఇక్కడ ఇట్లాంటివి జరగవా తాతయ్యా?"

అసత్యం చెప్పలేకపోయాను. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు దళితులను, 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిదిమందిని పుట్టుక కారణంగానే చంపారని చెప్పాను. ఈ రెంటి నడుమ 1989లో షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చిందని, చట్టం వచ్చిన పిమ్మట కూడా చుండూరు జరిగిందని చెప్పాను. సర్వభూతాలలో ఆత్మను దర్శించమన్న ఉపనిషత్తులు పుట్టిన దేశంలోనే ఇవి జరిగాయి. ఆ దర్శనం గ్రంథంలో ఉండడం వేరు, గుండెలో ఉండడం వేరు.

"మన వీధిలో?" అంది.

"మన వీధిలోనా? ఛ, ఛ. ఇది చదువుకునే పిల్లల పేట తల్లీ" అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అశోక్‌నగర్ ఎరిగినవారికి ఈ పేట స్వరూపం తెలుసు. పోటీపరీక్షలకు సిద్ధమయ్యే యువకులు జిల్లాల నుండి వచ్చి, చిన్న గదులలో ముగ్గురు నలుగురు చొప్పున ఉంటూ, తెల్లవారకముందే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు కోసం వెళ్తారు. మా మేడమీద కూడా ఒక గది ఉంది. అది 2018వ సంవత్సరం. శ్రీనివాస్ మరణించి ఏడాది దాటినది. గేటుకు ‘టు లెట్’ బోర్డు వ్రేలాడుతూ ఉండగా ఒక యువకుడు వచ్చాడు. చేతిలో చిన్న సూట్‌కేసు, భుజాన పుస్తకాల సంచి. "సార్, రూమ్ ఖాళీగా ఉందా?" అని వినయంగా అడిగాడు. గది చూపించాను. నచ్చిందన్నాడు. అడ్వాన్సు అప్పుడే ఇస్తానన్నాడు. అప్పుడు నేను పేరు అడిగాను. చెప్పాడు.

పేరు విన్న క్షణంలో నా ఎదుట ఉన్న యువకుడు అదృశ్యమయ్యాడు. ఆ స్థానంలో ఒక నామం మాత్రం నిలిచింది. దాని వెంట నేను ఎవరెవరి వద్దనో విన్న మాటలూ, భయాలూ, అనుమానాలూ నిలిచాయి. ఆ పేరు ఏమిటో, ఏ మతాన్ని లేక ఏ కులాన్ని సూచించిందో ఇక్కడ వ్రాయను. వ్రాస్తే మీలో కొందరు నన్ను సమర్థిస్తారు, కొందరు ఖండిస్తారు. రెండూ ఆ నామం చుట్టూనే తిరుగుతాయి.

"అయ్యో, ఉదయమే ఒకరికి మాట ఇచ్చానయ్యా, మరచిపోయాను" అన్నాను. అతడు నా ముఖంలోకి చూశాడు. తెలిసిపోయింది. "పర్వాలేదు సార్" అని మెట్లు దిగి వెళ్ళాడు.

కథ అంతటితో ముగియలేదు. అతనికి మా వీధిలోనే పై మలుపులో గది దొరికింది. ప్రతిదినం ఉదయం గ్రంథాలయానికి మా గేటు ముందునుండే నడిచి వెళ్ళేవాడు. నా గది మాత్రం నెల రోజులు ఖాళీగానే ఉంది. ఆ నెల రోజులు నేను చేసినది వ్రాయడానికి చేయి ముందుకు సాగడం లేదు. ఉదయం అతడు వెళ్ళే వేళకు ముందే బోర్డు తీసి లోపల పెట్టేవాడిని. అతడు దాటిపోయాక మళ్ళీ తగిలించేవాడిని. ఒకనాడు మరచిపోయాను. అతడు బోర్డు వైపు చూసి, వసారాలో కూర్చున్న నా వైపు చూసి, తల వంచి నమస్కరించి వెళ్ళాడు. ఆ నమస్కారం నేటికీ నన్ను వదలలేదు.

ఆ రోజుల్లో గురువారపు సత్సంగంలో నడుస్తున్న పాఠం మనీషాపంచకం. కాశీవీధిలో ఎదురైన చండాలుని తొలగిపొమ్మన్న శంకరులను ఆ చండాలుడు ప్రశ్నించిన వృత్తాంతం మీకు విదితమే. తొలగవలసినది అన్నమయమైన ఈ దేహం నుండి ఆ దేహమా, లేక చైతన్యం నుండి చైతన్యమా? దేహాలన్నీ అన్నవికారాలే, చైతన్యం ఒక్కటే. మరి ఎవరిని ఎక్కడికి పొమ్మంటున్నావు? జగద్గురువులు ఆ ప్రశ్న విన్న తక్షణం అటువంటి జ్ఞాని ఎవరైనా తనకు గురువేనని ప్రకటించారు. ఈ కథను గద్గదస్వరంతో చెప్పిన నేను మరునాటి ఉదయం లేచి బోర్డు తీసి లోపల పెట్టాను. శంకరులకు ఒక్క ప్రశ్న చాలింది. నాకు నెల రోజుల నమస్కారాలు చాలలేదు.

ఒలేథాలో వినబడిన ‘వెళ్ళిపో’ అన్న కేకకూ, నా ‘ఉదయమే మాట ఇచ్చాను’ అన్న మృదువచనానికీ సామ్యం ఉన్నదా? అవి సమానాలని నేననను. ఒకటి ప్రాణం తీసినది; మరొకటి ఒక యువకుని మెట్లు దింపినది. కర్మలో తారతమ్యం ఉంది, ఫలంలో ఉంది, శిక్షలో ఉండి తీరాలి. కాని బీజాన్ని పరీక్షిస్తే రెండింటిలోనూ వ్యక్తి అదృశ్యమై నామమే మిగిలింది. ఒక చోట ఆ బీజానికి తుపాకి దొరికింది. నా చోట అద్దెగది మాత్రమే దొరికింది. నాకు దొరకని దానిని నా సుగుణంగా లెక్కించుకోవచ్చునా?

ఆ తూటాకు ఎదురేగిన ఇయాన్ గ్రిలాట్‌ను మళ్ళీ తలచుకొన్నాను. ఆ క్షణంలో ఎదుట పడియున్నవారి పేరునూ, దేశాన్నీ విచారించి లేచాడా? మనుష్యుడు పడిపోయాడు, లేచాడు. నలభై యేండ్ల అద్వైతబోధలో నేను చేరుకోలేని చోటికి అతడు ఒక్క నిమిషంలో చేరాడు.

తెల్లవారింది. సంధ్యావందనం ముగించి మనుమరాలిని పిలిచి అంతా చెప్పాను. బోర్డు సంగతి కూడా. ఆమె నన్ను ఓదార్చలేదు, నిందించలేదు. చాలాసేపటి తరువాత "ఈ కథ బొమ్మగా వెయ్యనా తాతయ్యా? మా వాళ్ళకు చెప్పనా?" అని అడిగింది.

వెంటనే ఒప్పుకోలేకపోయాను. కాన్సస్‌లో ఆ చిత్రం చూసేవారిలో మన తెలుగువారు ఉంటారు. నా శిష్యుల పిల్లలు ఉంటారు. గీతాపాఠం చెప్పే పెద్దమనిషి ఇంతేనా అనుకుంటారు. రెండు దినాలు ఆలోచించాను. పోయేది ఏమిటి? ‘పెద్దమనిషి’ అన్న నామం. అదీ నాపై మోపబడిన అధ్యాసయే గదా! వెయ్యమన్నాను.

ఆమె చిత్రంలో తుపాకి లేదు, రక్తం లేదు. పాతబడిన ఇనుపగేటు. దానికి ఒక బోర్డు. గేటు అవతల వీధిలో నడిచిపోతున్న యువకుని వీపు, భుజాన సంచి. గేటు ఇవతల వసారాలో ఖాళీ కుర్చీ. "కుర్చీలో నన్నెందుకు వెయ్యలేదు?" అని అడిగాను. "చూసేవాళ్ళు కూర్చోవాలి గదా తాతయ్యా" అంది.

ఆగస్టు చివర వారి పేటలో ఆ ప్రదర్శన జరిగింది. ఆ చిత్రం ముందు నిలిచిన వారిలో చాలామంది శ్రీనివాస్ గురించి కాక, తమ తమ వీధుల్లో ఎవరికి ఏ తలుపు మూశారో చెప్పుకొన్నారని మనుమరాలు ఫోన్‌లో చెప్పింది. కొందరు ఏమీ అనక వెళ్ళారట. వారిని గురించే తనకు ఆలోచనగా ఉందని కూడా అంది.

ఆ యువకుని కోసం విచారించాను. ఆ మలుపులోని ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. అతడు ఏ పరీక్షలో ఉత్తీర్ణుడైనాడో, ఎక్కడున్నాడో చెప్పగలవారు లేరు. క్షమాపణ అడగవలసిన వ్యక్తి లభించకపోవడం కూడా కర్మఫలమే. అది అనుభవించవలసినదే.

మేడమీది గదిలోకి మొన్న శ్రావణంలో ఒక యువకుడు వచ్చాడు. కుళాయి నీళ్ళు ఏ వేళకు వస్తాయో, అద్దె ఏ తేదీకి ఇవ్వాలో చెప్పి తాళంచెవి చేతికిచ్చాను. పేరు తరువాత అడిగాను, పిలవడానికి.

జిజ్ఞాసువులారా, అధ్యాసను గూర్చి ఇక ముందు కూడా పాఠం చెబుతాను. త్రాడు, పాము దృష్టాంతమూ చెబుతాను. కాని ఆ పిమ్మట ఈ బోర్డు కథను కూడా చెప్పాలని సంకల్పించాను. ఈ గురువారం మా వసారాలో మనీషాపంచకం మళ్ళీ మొదటినుండి ఆరంభమవుతున్నది. ఈసారి శంకరుల వైపు నుండి కాక, తొలగిపొమ్మనిపించుకొన్నవాని వైపు నుండి చదవడానికి ప్రయత్నిస్తాను.

ఇతి శివమ్.